షియాలో జంట కుర్చీలు

బరంపురంలో పుట్టి క్రికెట్ తప్ప ఎరగని నాకు బేస్‌బాల్ ఏం తెలుస్తుంది? అయినా 2008 సెప్టెంబరు 28న, న్యూయార్క్‌లో మా బావగారు నన్ను షియా స్టేడియానికి లాక్కెళ్ళారు. 1964లో తెరిచిన ఆ మైదానంలో అదే చివరి ఆట.

నెత్తిమీదుగా లగార్డియా విమానాల రొద. పక్క సీటు పెద్దాయన, "చూడ్డానికి బాగుండదు, మరుగుదొడ్లు మరీ అధ్వాన్నం. అయినా మాది" అన్నాడు. మెట్స్ ఆటగాడు హోమ్ రన్ కొడితే పెద్ద టోపీలోంచి యాపిల్ పండు లేస్తుంది. ఆ రోజు ఒక్కసారే లేచింది. ఫ్లోరిడా మార్లిన్స్ చేతిలో 4-2తో ఓడారు. పాత ఆటగాళ్ళు వచ్చి వీడ్కోలు చెప్పేదాకా బావగారు కదల్లేదు. 1986లో మెట్స్ గెలిచినప్పుడు అక్క పక్కనే ఉందట. ఇప్పుడు లేదు.

2009లో స్టేడియం కూల్చి కార్లు నిలిపే చోటు చేశారు. కుర్చీలు జంటగా 869 డాలర్లకి అమ్మారు. 86, 69 వాళ్ళు గెలిచిన సంవత్సరాలు. అంత డబ్బా అని నేను సణిగాను కూడా.

తర్వాత వెళ్ళినప్పుడు చూశాను. బావగారు ఒక కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. రెండోదాంట్లో నేను కూర్చోలేదు.