ఎత్తు మీద ఆగినప్పుడు

నేను కారు నేర్చుకున్నానని తెలియగానే అందరూ అడిగింది ఒకటే. "ట్రాఫిక్‌లో నడుపుతున్నావా?" ఆడవాళ్ళయితే ఇంకో మాట కలిపేవారు, "భయమెయ్యదూ?" అని. ఎత్తు మీద ఆపి మళ్ళీ ముందుకి తియ్యగలుగుతున్నావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. విశాఖపట్నంలో ఉంటూ ఈ ప్రశ్న ఎవరికీ తోచకపోవడం నాకిప్పటికీ విచిత్రంగానే ఉంటుంది. బీచ్ రోడ్డు నుంచి ఊళ్ళోకి రావాలంటే ఎక్కడో ఒకచోట ఎక్కాల్సిందే కదా! కేజీహెచ్ దగ్గరి ఏటవాలు రోడ్డుని ఊరంతా 'కేజీహెచ్ డౌన్' అంటుంది. ఎక్కేవాళ్ళు కూడా డౌన్ అనే అంటారు. ఆ పేరు పెట్టిన మనిషి పైనుంచి కిందికి వచ్చే మనిషే అయ్యుండాలి.

అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తున్నాను. వాలుతలం పాఠం ఎన్నిసార్లు చెప్పుంటానో లెక్కలేదు. బోర్డు మీద ఒక త్రిభుజం, దాని మీద ఒక దిమ్మె, దిమ్మెని కిందికి లాగే బలం ఎంజీ సైన్ తీటా. పది అడుగులకి ఒక అడుగు లేచే రోడ్డు మీద, మనుషులతో కలిపి వెయ్యి కిలోలున్న కారుని ఇంచుమించు వంద కిలోల బరువు వెనక్కి లాగుతూ ఉంటుంది. ఈ లెక్క మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ పుస్తకంలోని దిమ్మె వెనక సీట్లో అమ్మ కూర్చుని ఉండదు. దాని వెనకాల ఎవరూ హారన్ కొట్టరు.

నా వెనక సీట్లో అమ్మ ఉంది. 2018లో ఆమెకి డయాలసిస్ మొదలైంది. మంగళ, గురు, శని వారాలు, పొద్దున్న ఆరింటి షిఫ్టు, మిషన్ మీద నాలుగు గంటలు. మా ఆయన ఉద్యోగం పూణేలో. ఇంట్లో కారుంది, కవరు కప్పుకుని. గేర్ల కారు. తెల్లవారుజామున ఆటో దొరకడం ఒక పాటు, దొరికిన ఆటో ఆ ఎత్తు ఎక్కుతాననడం ఇంకో పాటు. తిరుగు ప్రయాణం మరీ ఘోరం. బీపీ పడిపోయి, ఫిస్టులా ఉన్న చేతిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, ఆటో ఎగిరినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకునేది. ఒక్క మాట అనేది కాదు. ఆ మాట అనకపోవడమే నన్ను డ్రైవింగ్ స్కూలుకి తోసింది. నాకప్పుడు నలభై తొమ్మిది.

ఆ ఆసుపత్రి పేరు అక్కర్లేదు గానీ దాని గేటు గురించి చెప్పాలి. గేటు ఎత్తుకి చివర ఉంది. సెక్యూరిటీ మనిషి ప్రతి బండినీ ఆపి, లోపలికి తొంగిచూసి పంపుతాడు. అంటే ముందొక కారు, వెనకొక కారు, మధ్యలో మనం, సరిగ్గా ఏటవాలు మధ్యన. తప్పించుకునే దారి లేదు. నేను నేర్చుకోవాల్సిన డ్రైవింగంతా ఆ నలభై అడుగుల్లోనే ఉంది, మిగతాది స్టీరింగ్ తిప్పడమే.

డ్రైవింగ్ స్కూలు అబ్బాయి మంచివాడు, ఓపికైనవాడు. పదిహేను రోజులు చదును రోడ్ల మీదే తిప్పాడు. పదహారో రోజు ఎత్తెక్కించాడు. కారు వెన్నలా ఎక్కింది. ఆపమన్నాడు, ఆపాను. తియ్యమన్నాడు, తీశాను. ఒక్క అంగుళం జారలేదు. "సూపర్ మేడమ్!" అన్నాడు. ఫిజిక్సు చెప్పేవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది, ఫలితం మరీ బాగా వస్తే పరికరాన్ని అనుమానిస్తాం. ఇంకోసారి ఆపి, కారు తీస్తూ అతని కాళ్ళకేసి చూశాను. నేర్పే కార్లలో అతని వైపు కూడా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి కదా. రెండు కాళ్ళూ రెండింటి మీదా ఉన్నాయి, చక్కగా పనిచేస్తున్నాయి. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను, అంతే.

"అందరికీ ఇలాగే చేస్తావా?" అనడిగాను.

"చెప్తే భయపడిపోతారు మేడమ్. అయినా లేడీస్‌కి కోర్సయిపోయాక సారే నడుపుతారు కదా."

"మరి మగపిల్లలకి?"

"ఆళ్ళయితే కాలు తియ్యమని మమ్మల్నే తిడతారు మేడమ్."

అతని మీద నాకు కోపం రాలేదు. మా లాబుల్లో కూడా ఇదే జరుగుతుంది, పిల్లలు ఎక్కడ పాడుచేస్తారోనని పరికరం మేమే సర్ది రీడింగు మాత్రం వాళ్ళచేత తీయిస్తాం. కానీ ఆలోచించండి, ఇలా ఎంతమంది ఆడవాళ్ళు 'నాకు కారొచ్చు' అనుకుంటూ బయటికొచ్చి, మొదటిసారి ఫ్లైఓవరు మీద ఆగిపోయినప్పుడు కారు వెనక్కి జారితే, ఆ తప్పు తమదే అనుకుని, ఆ తాళాలు మళ్ళీ ముట్టుకోకుండా ఉండిపోయి ఉంటారు! జారిన కారు వాళ్ళకి చెప్పేది 'నీకు చేతకాదు' అని. ఇన్నాళ్ళూ అక్కడ ఇంకొకరి కాలు ఉండేదన్న సంగతి ఎవరూ చెప్పరు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో పదిహేనో నిబంధన ఉంది. లైసెన్సు పరీక్షలో ఏమేం చేసి చూపించాలో అక్కడ వరసగా రాసి ఉంటుంది. నిటారు ఎత్తు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకుని గానీ, ఎక్సిలేటరుతో పాటు కాలి బ్రేకుని గానీ సరిగ్గా వాడి, ఏమాత్రం వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి అన్నది అందులో ఒకటి. నాకు లైసెన్సిచ్చినచోట చదును నేల మీద ఎనిమిది అంకె వేయించి పంపేశారు. నిబంధన చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది వేరే సంగతి, హ్యాండ్ బ్రేకు పేరు అందులో ముందుంది.

ఎందుకంటే మా ఆయన సెలవుకొచ్చి నాకు నేర్పబోయినప్పుడు చెప్పిన మొదటి మాట, "హ్యాండ్ బ్రేకుతో ఎత్తడం కొత్తవాళ్ళ పని, అలవాటు చేసుకోకు" అని. ఆయన పద్ధతి వేరు. కుడికాలు బ్రేకు మీంచి ఎక్సిలేటరు మీదికి ఒక్క గెంతు గెంతుతుంది. ఆ గెంతులో కారు అడుగున్నర వెనక్కి జారుతుంది. "జారింది" అంటే, "అదేం జారడం!" అంటారు. వెనకున్న స్కూటరు కుర్రాడు కాళ్ళు నేలకానించి వెనక్కి జరగడం నేను అద్దంలో చూశాను. ఆయన చూడలేదు. అద్దం నా ఎత్తుకి సర్ది ఉంది మరి. (సీటూ అంతే. నా కాలికి క్లచ్చు పూర్తిగా అందాలంటే సీటు బాగా ముందుకి జరపాలి. "సీటెవరు కదిపారు?" అన్న ప్రశ్న ఆ పది రోజులూ మా ఇంట్లో రోజూ వినపడింది. ఉన్నదిద్దరమే అయినా.)

చివరికి నేర్చుకున్నది ఆదివారాలు, మా కాలేజీ లైబ్రరీ పక్క ఎత్తు మీద. తోడు మా కెమిస్ట్రీ మేడం. ఘాట్ రోడ్డు మీద లారీ ఆగితే క్లీనరు రాయి పట్టుకుని దూకి వెనక చక్రం కింద పెడతాడు చూడండి, ఆవిడ అలా ఒక ఇటుక చక్రం వెనక పెట్టి, పక్కకి తప్పుకుని నిలబడేది.

క్లచ్చులో జరిగేది ఇదీ. ఇంజనుతో పాటు తిరిగే ఒక బరువైన చక్రం, దానికి ఎదురుగా చక్రాలవైపు వెళ్ళే ఒక పళ్ళెం. పెడల్ తొక్కితే రెండూ విడిపోతాయి. నెమ్మదిగా వదిలితే రాసుకోవడం మొదలుపెడతాయి, పూర్తిగా వదిలితే అతుక్కుపోతాయి. ఆ రాసుకునే దశనే హాఫ్ క్లచ్ అంటారు. ఎత్తు మీద పనంతా అక్కడే. ముందు హ్యాండ్ బ్రేకు లాగాలి, ఇక కారు ఎక్కడికీ పోదు. ఫస్ట్ గేరు. ఎక్సిలేటరు కొద్దిగా తొక్కి, ఇంజను శబ్దం నిలకడగా ఉండేట్టు చూసుకోవాలి. ఇప్పుడు ఎడమకాలు పైకి, చాలా నెమ్మదిగా. ఒకచోట శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త ముక్కెత్తుతుంది. అక్కడ కాలు ఆపెయ్యాలి. ఇంకా వదలాలనే అన్పిస్తుంది, వదలకూడదు. అప్పుడు హ్యాండ్ బ్రేకు దించితే కారు ముందుకీ పోదు, వెనక్కీ రాదు. వంద కిలోల బరువుకి ఎదురు కాలి మునివేళ్ళ కింద నిలబడి ఉంటుంది. ఆ పైన కొంచెం ఎక్సిలేటరు ఇస్తే చాలు. అలా ఎక్కువసేపు ఉంచితే ప్లేటు కాలి వాసనొస్తుంది, అందుకని నిలబెట్టుకోవాల్సింది రెండు క్షణాలే. ఆ రెండు క్షణాల ముందు మాత్రం ఎంతసేపైనా ఆగొచ్చు. హ్యాండ్ బ్రేకు ఇచ్చేది అదే, వెనక ఎవరెంత హారన్ కొట్టినా నా తీరికన నేను సిద్ధమయ్యే వీలు. అది కొత్తవాళ్ళ పని అని ఎందుకన్నారో నాకర్థం కాలేదు.

ఎత్తుల గురించి చదువుతుంటే బెర్తా బెంజ్ కనపడింది. జర్మనీలో కార్ల్ బెంజ్ మొదలుపెట్టిన పనికి పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు తెచ్చిపెట్టిన మనిషి. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఫోర్జ్‌హైమ్‌కి ఆయన కారులోనే వెళ్ళిపోయింది. కారులో జరిగిన మొదటి దూర ప్రయాణం అదేనంటారు. వెళ్ళింది ఎక్కడికీ? పుట్టింటికి! దారిలో ఎత్తులొచ్చినప్పుడు ఆ బండి ఎక్కలేకపోయింది, దిగి తోశారు. తిరిగొచ్చి ఆమె చెప్పిన సంగతుల్లో ఒకటి, ఎత్తులకి పనికొచ్చేలా ఇంకొక గేరు కావాలని. మనం ఫస్ట్ గేరు వేసినప్పుడల్లా దాంట్లో ఆమె తోసిన తోపు కొంత ఉంది.

అమ్మని మొదటిసారి తీసుకెళ్ళిన రోజు ఎత్తు మొదట్లోనే, "ఇక్కడ దింపెయ్యవే, నడిచెళ్ళిపోతాను" అంది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి. నా మీద నమ్మకం లేక కాదు, నేను నలుగురిలో మాటపడతానని. దింపలేదు. గేటు దగ్గర మూడు బండ్లున్నాయి, మూడుసార్లు ఆగి మూడుసార్లు తీశాను. మూడోసారి ఒక కుదుపు కుదిపింది. అద్దంలో అమ్మ చెయ్యి పట్టుకోవడం కనపడింది. ఆ తర్వాత నేను ఎక్కువ సాధన చేసింది కారు జారకుండా ఉండటానికి కాదు, ఆ కుదుపు పోగొట్టడానికి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆటోలు ఆగిపోయాయి, డయాలసిస్ ఆగదు. పాసు అద్దానికి అంటించుకుని ఖాళీ రోడ్ల మీద వెళ్ళేవాళ్ళం. గేటు దగ్గర మాత్రం జ్వరం చూడటానికి ప్రతి మనిషినీ ఆపేవారు, ఎత్తు మీద మునుపటికంటే ఎక్కువసేపు. అప్పటికి అమ్మకి ఆ శబ్దం పట్టుబడిపోయింది. ఇంజను బరువెక్కగానే వెనకనుంచి "ఊఁ, ఇప్పుడు దించు" అనేది, నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదికి వెళ్ళేలోపే. సైకిలైనా తొక్కని మనిషి. ఒక్కసారి కూడా పొరబడలేదు. "నాకే ఓ ఇరవై ఏళ్ళు తక్కువైతేనా..." అని ఒకరోజు ఆగిపోయింది. 2021లో పోయింది.

ఇప్పుడొస్తున్న కార్లలో చాలావాటికి ఎత్తు మీద రెండు క్షణాలు దానంతటదే బ్రేకు పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. ఆటోమేటిక్ అయితే క్లచ్చే లేదు. మంచిదే. కష్టపడి నేర్చుకున్నదంతా గొప్పదని నేననను, అమ్మకి కావాల్సింది కుదుపు లేని కారు, నా నైపుణ్యం కాదు. అయితే మనలో చాలామంది ఇళ్ళల్లో కవరు కప్పుకుని ఉన్నవి ఇంకా పాత గేర్ల కార్లే. కొనేటప్పుడు మననెవరూ అడగలేదు కూడా.

మా కాలేజీలో ఇద్దరికి నేర్పాను. నేను కూర్చునే ఎడమ సీటు కింద పెడల్స్ లేవు, ఇద్దరి మధ్యా హ్యాండ్ బ్రేకు ఒక్కటే ఉంది. నా చెయ్యి దాని మీదికి పోకుండా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను, అది క్లచ్చు కంటే కష్టం. వచ్చే ఆదివారం స్టాటిస్టిక్స్ అమ్మాయి వస్తానంది. ఇటుక డిక్కీలోనే ఉంది.