ఓ అభిమానీ, రేపు రా

ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. రాత్రిపూట వచ్చిన దయ్యం అది చదువుకుని, సరేలే అని వెళ్లిపోయి, మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ అదే చదువుకునేదట. చిన్నప్పుడు నాకా దయ్యం మీద జాలేసేది. పాపం చదవడం వచ్చు, ఏ తేదీన రావాలో రాయమని అడగడం రాదు. పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి అభిమానినయ్యాక ఆ జాలి కాస్తా చుట్టరికంగా మారింది. మా తలుపు మీద రాసి ఉండే మాట వేరు, అంతే. "రీబిల్డ్".

బేస్‌బాల్ తెలియనివాళ్లు ఇక్కడే ఆగిపోనక్కర్లేదు. ఓడిపోయే జట్టుని ప్రేమించడం ఎలా ఉంటుందో తెలిస్తే చాలు, మిగతాది నేను చెప్తాను.

ఈ వ్యాసం 2025 నవంబర్ మధ్యలో రాస్తున్నాను. మొన్ననే మా పాల్ స్కీన్స్‌కి సై యంగ్ అవార్డు వచ్చింది. నేషనల్ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ పిచర్‌కి ఇచ్చే అవార్డు అది. ఓటేసిన ప్రతి ఒక్కరూ మొదటి స్థానం అతనికే ఇచ్చారు. కుర్రాడికి ఇరవై మూడేళ్లు. ఒక పూర్తి ఆటకి సగటున ఇచ్చిన పరుగులు 1.97, అంటే రెండు కూడా కాదు. అలాంటి పిచర్ ఖాతాలో ఈ ఏడాది గెలుపులు 10, ఓటములు కూడా 10. బుమ్రా అవతలి జట్టుని వందకి కూల్చేస్తే, మనవాళ్లు తొంభైకే ఆలౌట్ అయి కూర్చున్నారనుకోండి. ఒకసారి కాదు, సీజన్ పొడవునా.

కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 162 ఆటల్లో పైరేట్స్ చేసినవి 583 పరుగులు, 30 జట్లలో అందరికంటే తక్కువ. కొట్టిన హోమ్ రన్లు 117, అవీ అందరికంటే తక్కువే. ఫిలడెల్ఫియాకి ఆడే కైల్ ష్వార్బర్ ఒక్కడే 56 కొట్టాడు. మా జట్టు మొత్తానికి అతను దాదాపు సగం. చివరికి 71 గెలుపులు, 91 ఓటములు.

నాన్న వరంగల్ నుంచి ఫోన్ చేసి, "మరి ఆ పిల్లాణ్నే రోజూ దించొచ్చు కదరా?" అన్నాడు.

"చెయ్యి ఊడిపోతుంది నాన్నా. గంటకి వంద మైళ్ల వేగం. ఐదారు రోజులకోసారే వేస్తాడు."

"సరే, వేసిన రోజైనా గెలుస్తారా?"

"అతని లెక్కలో అయితే సగం సగం."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకో జట్టు చూసుకోరాదూ" అన్నాడు.

చూసుకోవచ్చు. కానీ మనిషి ఏ ఊళ్లో కుదురుకుంటే ఆ ఊరి రోగాలే అంటుకుంటాయి. పిట్స్‌బర్గ్ మనవాళ్లకి వేంకటేశ్వరస్వామి గుడితో తెలుసు. పెన్ హిల్స్ కొండ మీద స్వామి వెలసింది 1976లో. పైరేట్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1979లో. అంటే స్వామి వచ్చిన మూడేళ్లకి ఒక్కసారి కరుణించి, ఆ తర్వాత ఇటు చూడటం మానేశాడన్నమాట. 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు, గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ క్రీడల్లో అంత పొడుగు వరస ఇంకెవరికీ లేదు. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయనకి 1979లో పదేళ్లట. ఆ రోజు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చున్న సంగతి ఎంత బాగా చెప్తాడంటే, నేనూ ఆ గుంపులో ఉన్నాననిపిస్తుంది. ఆయన ఏటా సెప్టెంబర్‌లో ఒకటే మాట అంటాడు, "వచ్చే ఏడాది చూద్దాం" అని. ఆయన రిటైరయ్యేలోపు చూడాలని నా కోరిక. నేను రాత్రిళ్లు స్ప్రెడ్‌షీట్ తెరిచి జట్టు కట్టుకునేది సగం అందుకే.

స్ప్రెడ్‌షీట్‌కి ముందు డబ్బు సంగతి. మనకి ఐపీఎల్ అలవాటు. వేలానికి ముందు అన్ని జట్లకీ ఒకే పర్సు, 2025 సీజన్‌కి తలా 120 కోట్లు. అందుకే తొలి ఏడాది పద్నాలుగు ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున పడిన మన దక్కన్ చార్జర్స్, 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు ఎత్తింది. ఒక్క ఏడాదిలో! బేస్‌బాల్‌లో ఆ పర్సు కట్టుబాటు లేదు. మరీ ఎక్కువ ఖర్చు పెడితే పన్ను కట్టాలి, అంతే. ఈ నెల మొదట్లో వరల్డ్ సిరీస్ గెలిచిన లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జీతాల పద్దు మూడు వందల మిలియన్ డాలర్ల పైన. మాది వంద లోపు.

అయితే డబ్బు లేకపోవడమే కారణమంటే నేను ఒప్పుకోను. మా డివిజన్‌లోనే మిల్వాకీ ఉంది. మాకంటే పెద్ద ఊరేం కాదు. డాడ్జర్స్ ఖర్చులో సగం కూడా పెట్టకుండా ఈ ఏడాది 97 ఆటలు గెలిచింది, మొత్తం 30 జట్లలో అదే ఎక్కువ. అటు చూస్తే, ఒక్క ఆటగాడికి 765 మిలియన్లు రాసిచ్చిన న్యూయార్క్ మెట్స్ ప్లేఆఫ్‌లకే రాలేదు. డబ్బుంటే తప్పులు తట్టుకోవచ్చు. లేనివాడు ఎప్పుడు, దేనికి ఖర్చు పెట్టాలో తెలుసుకోవాలి.

ఆ "ఎప్పుడు" అన్నదే నా అసలు గొడవ. బేస్‌బాల్ నియమం ప్రకారం ఒక ఆటగాడు పెద్ద లీగ్‌లో ఆరేళ్లు నిండేదాకా తన జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లూ దాదాపు కనీస జీతమే. స్కీన్స్ ఈ ఏడాది అందుకున్నది మిలియన్ డాలర్ల లోపే. ఆ తర్వాత మూడేళ్లు బేరమాడి పెంచుకోవచ్చు. ఆరు నిండాక ఎవరెక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోవచ్చు. స్కీన్స్‌కి ఆ రోజు 2029 సీజన్ అయ్యాక వస్తుంది. కాబట్టి ఈ జట్టుకి ఉన్నది నాలుగు సీజన్లు. "రీబిల్డ్" అనే బోర్డుకి తేదీ ఉండదు, స్కీన్స్‌కి ఉంది.

ఇక నా ప్రణాళిక.

మొదటిది, స్కీన్స్‌ని అమ్మకూడదు. "ఇప్పుడే అమ్మేస్తే నలుగురు కుర్రాళ్లొస్తారు" అనేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఈ సినిమా మేం ఒకసారి చూశాం. 2011 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందుగా ఎంచుకున్న పిచర్ గెరిట్ కోల్‌ని 2018 జనవరిలో హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చిన నలుగురిలో ఈరోజు జట్టులో ఒక్కడూ లేడు. కోల్ మాత్రం 2019 చివర్లో యాంకీస్‌తో 324 మిలియన్ల ఒప్పందం రాసుకుని, 2023లో అక్కడ సై యంగ్ గెలిచాడు. నలుగురు కుర్రాళ్లంటే నాలుగు లాటరీ టికెట్లు. తగిలిన టికెట్ ఇచ్చి తగలని టికెట్లు కొనుక్కునేవాణ్ని మన దగ్గర ఏమంటారో మీకు తెలుసు.

రెండోది, మిగతా పిచర్లలో ఒకరిని ఇచ్చి బ్యాటర్‌ని తేవాలి. ఈ సంస్థకి పిచర్లని తయారుచేయడం వచ్చు. ఆగస్టులో బుబ్బా చాండ్లర్ పైకొచ్చాడు. మోచేతికి ఆపరేషనైన జారెడ్ జోన్స్ తిరిగి రావాలి. బ్యాటర్లని తయారుచేయడమే రాదు. మన ఇంట్లో బియ్యం బస్తాలున్నాయి, పప్పు లేదు. పక్కింట్లో పప్పుంది. ఇందులో వ్యూహమేం లేదు, మా అమ్మ చేసే పనే. నా స్ప్రెడ్‌షీట్‌లో ఇచ్చేసే పేరు మిచ్ కెల్లర్. మంచి పిచర్, 2028 దాకా ఒప్పందం ఉంది, జీతం మరీ భారం కాదు. అందుకే అతనికి ధర పలుకుతుంది. ఎవరికీ అక్కర్లేనివాణ్ని ఇచ్చి అందరికీ కావలసినవాణ్ని తేవడం కుదరదు.

మూడోది, బయటినుంచి ఒక్క ఎడమచేతి బ్యాటర్‌ని, బలంగా కొట్టేవాణ్ని, రెండు మూడేళ్లకి తీసుకోవాలి. ఎడమచేతే ఎందుకంటే మా పీఎన్‌సీ పార్క్ అలా కట్టారు. ఎడమ పక్క మైదానం లోతుగా 410 అడుగుల దాకా పోతుంది. కుడి పక్క లైను దగ్గర 320 అడుగులే, గోడ మాత్రం 21 అడుగుల ఎత్తు. ఆ గోడ అవతల అలెఘేనీ నది. ఎడమచేతి బ్యాటర్ లాగి కొడితే బంతి అటే పోతుంది. ఇలా కొట్టి చూపించినవాడు కూడా ఉన్నాడు. 2015లో 98 ఆటలు గెలిచిన పైరేట్స్, ఒకే ఒక్క వైల్డ్ కార్డ్ ఆటలో ఓడి ఇంటికి పోయింది. ఆ రోజు కోల్ వేసిన బంతిని కుడి పక్కన పార్కు దాటించినవాడు, అప్పుడు చికాగో తరఫున ఆడుతున్న ఇదే ష్వార్బర్. ఇప్పుడతను ఫ్రీ ఏజెంట్. మా దగ్గరికి వస్తాడన్న ఆశ నాకు లేదు. కానీ ఈ సంస్థ 2016 డిసెంబర్ తర్వాత బయటి ఫ్రీ ఏజెంట్ ఎవరితోనూ ఒక ఏడాదికి మించి ఒప్పందం రాసుకోలేదు. ఇల్లు అద్దెకి తీసుకుని ఏటా ఖాళీ చేస్తూ, గోడలకి రంగెందుకు వెయ్యట్లేదని ఆశ్చర్యపోతే ఎలా?

నాలుగోది, కానర్ గ్రిఫిన్. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, షార్ట్‌స్టాప్. ఈ ఏడాది చిన్న లీగుల్లో మూడు మెట్లెక్కుతూ 21 హోమ్ రన్లు కొట్టి 65 బేస్‌లు దొంగిలించాడు. పెద్ద లీగ్‌లో నిలదొక్కుకోగానే ఇతనికి పొడుగాటి ఒప్పందం రాసెయ్యాలి. అట్లాంటా వాళ్లు 2019లో అకూన్యాతో ఎనిమిదేళ్లకి వంద మిలియన్లకి రాసుకున్నారు. ఆరేళ్లు ఆగితే ధర మనం చెప్పేది కాదు. పైరేట్స్ చరిత్రలో వంద మిలియన్లు దాటిన ఒప్పందం ఒక్కటే ఉంది, బ్రయన్ రెనాల్డ్స్‌ది.

ఇక్కడిదాకా రాయడం తేలిక. ఐదో వరసలో ఆండ్రూ మెకచన్ పేరుంది. అది చాలా రోజులు ఖాళీగా వదిలేశాను.

మెకచన్ 2009లో ఈ జట్టుకి వచ్చాడు. 2013లో ఎంవీపీ. ఇరవై ఏళ్ల చీకటి అతని బ్యాట్‌తోనే తెరిపిచ్చిందని ఊరు నమ్ముతుంది. కోల్‌ని పంపిన వారంలోనే అతన్నీ శాన్ ఫ్రాన్సిస్కోకి పంపేశారు. ఆ బేరంలో వచ్చినవాడే రెనాల్డ్స్. అంటే నేను ఎంత తిట్టుకున్నా, ఆ వారంలో జరిగిన రెండు బేరాల్లో ఒకటి పనికొచ్చింది. అమ్మకూడదన్నది అన్నివేళలా చెల్లే నియమం కాదు. స్కీన్స్ విషయంలో నేను చెప్పేది వయసు, గడువు చూసి చెప్పే మాట, ప్రేమ కొద్దీ కాదు.

2023లో మెకచన్ తనంతట తనే తిరిగొచ్చాడు. ఈ జూన్‌లో 241వ హోమ్ రన్ కొట్టి పైరేట్స్ చరిత్రలో రొబెర్తో క్లెమెంతేని దాటాడు. క్లెమెంతే అంటే ఈ ఊరికి ఆటగాడు మాత్రమే కాదు. 1972 చివరి రోజు నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయినవాడు. కుడి పక్క గోడ 21 అడుగులుండటం అతని జెర్సీ నంబరు వల్లే.

ఇప్పుడు మెకచన్‌కి ముప్పై తొమ్మిది. ఫీల్డింగ్‌కి దాదాపు దిగడు, డెజిగ్నేటెడ్ హిట్టర్‌గా బ్యాటింగ్ మాత్రమే చేస్తాడు. కొట్టడమే పనిగా ఉన్న ఆ స్థానంలో ఈ ఏడాది వచ్చినవి 13 హోమ్ రన్లు. పరుగుల్లో అందరికంటే చివరున్న జట్టు ఆ స్థానాన్ని జ్ఞాపకాలకి కేటాయించలేదు. నేను మూడో వరసలో అడిగిన ఎడమచేతి బ్యాటర్‌కి ఉన్న చోటు కూడా అదే.

పక్క సీటు పెద్దాయనకి చూపించాను. చాలాసేపు చూసి, "నువ్వు చెప్పింది కరెక్టే. నాకు చూపించకుండా ఉండాల్సింది" అన్నాడు.

అందుకని మెకచన్‌ని తీసెయ్యలేదు, కిందికి దించాను. రోస్టర్‌లో 26 మంది ఉంటారు. అతను 26వ వాడు. ఎడమచేతి పిచర్లు వేసే రోజుల్లో ఆడతాడు, మిగతా రోజుల్లో బెంచి మీద గ్రిఫిన్ పక్కన కూర్చుంటాడు. అతనికిస్తున్నది ఏడాదికి ఐదు మిలియన్లు. ఆ డబ్బుతో ఇంకెవరో బెంచి బ్యాటర్ వస్తాడు, కాదనను. కానీ బాగా ఆడినవాళ్లంతా వదిలి పోయే జట్టుకి, కావాలని తిరిగొచ్చినవాడు ఒక్కడైనా కళ్లెదుట ఉండాలి. 2029లో స్కీన్స్ ముందు కాగితం పెట్టినప్పుడు అతను చూసేది అంకెలు మాత్రమే కాదు. ఈ సంస్థ తనవాళ్లని ఎలా చూసుకుందో అది కూడా చూస్తాడు.

యాజమాన్యం నా స్ప్రెడ్‌షీట్ చూడదు, తెలుసు. నా ఐదు వరసల్లో సగం జరగవు, అదీ తెలుసు. ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో శిబిరం మొదలవుతుంది, మార్చి చివర్లో తొలి ఆట. ఆ రోజు లైనప్ కార్డులో నేను చూసేది నాలుగో పేరు. అక్కడ కిందటేడు మా జట్టులో లేని బ్యాటర్ ఉంటే, ఎవరో ఒకరు 2029 అని గోడ మీద రాసుకుని పని మొదలుపెట్టారని అర్థం. లేకపోతే నాలుగు సీజన్లలో ఒకటి తగ్గినట్టే.