వెనుక కూర్చుండువారు

తన సొత్తును తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనుట స్వాతంత్ర్యమని మనము తలతుము. ఆ స్వాతంత్ర్యమునకు హద్దెక్కడ నున్నదో నే నొక మోటారుసైకిలు మూలమున తెలిసికొంటిని.

మా తండ్రిగారి అనంతరము వారి పాత బులెట్టు నాకు దక్కినది. 346 సీసీల యింజను. 70 మిల్లీమీటర్ల సిలిండరులో పిస్టను 90 మిల్లీమీటర్లు నడచును గావున, తక్కువ వేగమునందును లాగుడు మెండు. దానిని రాళ్లబాటలకు తగిన స్క్రాంబ్లరుగా మార్పవలెనని నాకు బుద్ధి పుట్టెను. ఇది ఇంగ్లండునుండి వచ్చిన పేరు. 1924లో సర్రేయందలి కాంబర్లీ మిట్టలపై జరిగిన మోటారుసైకిళ్ల పందెమునకు ‘స్క్రాంబులు’ అని పేరిడిరి. పడుచు లేచుచు గట్లెక్కిపోవుట యని దాని భావము.

ఒక నెల ఆదివారములన్నియు మెకానిక్కుతో కూడి పని చేసితిని. క్రిందుగా సాగు పొగగొట్టమును సీటు ప్రక్కకు ఎత్తించి, కాలు కాలకుండ రేకు కప్పించితిని. ముతకగళ్ల టైర్లు, అడ్డకమ్మి గల వెడల్పు హ్యాండిలు, ఇంజను అడుగున ఇనుపరేకు అమర్చితిమి. వెనుక పెద్ద పళ్లచక్రము వేయగా వేగము తగ్గి లాగుడు హెచ్చెను. షాకబ్జార్బర్లు పొడవుగుటచే స్టాండు చాలక బండి యొరిగిపోయెను. దానికి అతుకు పెట్టించితిమి. తుదకు బరువు తగ్గుటకై వెనుక మడ్గార్డు సగము కోయించి, ఎడమవైపు శారీ గార్డును, దానిక్రింది పాదపీటను విప్పించితిని.

“అమ్మగారు ఎక్కరా అండీ?” అని మెకానిక్కు అడిగెను. నేను నవ్వి యూరకుంటిని.

మరుసటి దినమున నా భార్యను ఆమె పనిచేయు బడికి దింపుటకు బయలుదేరితిని. కాలెక్కడ పెట్టవలెనో తెలియక ఆమె యెట్లో సర్దుకొని కూర్చుండెను. వీధి మలుపున ఆమె కొంగు చక్రపు పుల్లలలో చిక్కెను. మెల్లగా పోవుచుంటిమి గనుక, కేక వినబడగానే బండి ఆపగలిగితిని. కొంగు చినిగి, మెడపై ఎఱ్ఱని చార పడెను.

ఆమె నన్ను తిట్టలేదు. “మామయ్యగారు అత్తయ్యగారిని ముప్పదియేండ్లు ఈ బండిమీదనే త్రిప్పిరి గదా! జాలి తీయించునప్పుడు నే నొకతెను ఉన్నానని మీకు తోచలేదా?” అని మాత్రము అడిగెను. నాకు సమాధానము లేదు.

ఆ రాత్రి చట్టము తెరచి చూచితిని. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది, వెనుక కూర్చుండువారికి చేపట్టును, పాదపీటను, బట్టలు చిక్కకుండ వెనుకచక్రములో సగమునకైనను కప్పును ఉండవలెనని విధించుచున్నది. నా యింటి యిల్లాలిని ఎన్నడు నెరుగని శాసనకర్తలకు ఆమె జ్ఞప్తికి వచ్చినది, నాకు రాలేదు!

“చీర మాని వేరు దుస్తులు ధరింపుమనరాదా?” అని యొక మిత్రుడు సంస్కర్తవలె పలికెను. ఆమె దుస్తులు ఆమె యిష్టము. ప్రమాదమును కల్పించినవాడను నేను; మారవలసినది ఆమె యనుట యే న్యాయము? సభలలో స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి మాటలాడు మనము, ఇంటిలో గోడ కట్టినను బండి కోసినను, మన కాలుసేతులనే కొలతగా పెట్టుకొనుచున్నాము.

జాలి, పీట, మడ్గార్డు, పొగగొట్టము మరల యథాస్థానమునకు వచ్చినవి. తడిసిన తారురోడ్డుపై జారు ఆ ముతక టైర్లను గూడ తీయించితిని. అయినను ఆమె పదిదినములు బస్సులోనే బడికి పోయెను. పదునొకండవ నాడు వచ్చి, మొదట జాలిని చేతితో కదలించి చూచి, తరువాత ఎక్కెను.