కమ్మరి కొలిమిలో కల్యాణం!

ఇంట్లో ఒప్పుకోరు. ఒప్పుకోని పెళ్లిని చట్టమూ ఒప్పుకోదు. మరేం చేయాలి? రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండ్‌లోని ప్రేమజంటలకు ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు... గుర్రబ్బండెక్కి ఉత్తరానికి పరుగో పరుగు! సరిహద్దు వాగు దాటగానే తగిలే స్కాట్లాండ్ పల్లె గ్రెట్నా గ్రీన్. అక్కడి కమ్మరి కొలిమిలో దాగలి మీద సుత్తి ఠంగుమని మోగిందా... ఇక పెళ్లయిపోయినట్టే.

ఆ కొలిమి ఇప్పటికీ ఉంది. దాగలీ ఉంది. జంటలూ వస్తూనే ఉన్నాయి, ఏటా వేల సంఖ్యలో. కాకపోతే ఇప్పుడు వాళ్ల వెనక తండ్రి తుపాకీ పట్టుకుని రావడం లేదు, ఫొటోగ్రాఫర్ కెమెరా పట్టుకుని వస్తున్నాడు. చేతిలో గంటగంటకూ ఏం చేయాలో రాసుకున్న కాగితం ఒకటి. లేచిపోయి చేసుకునే పెళ్లికీ టైంటేబులా అని నవ్వొచ్చుగానీ, అసలు కిటుకంతా అందులోనే ఉంది.

ఒక చట్టం... ఒక రోడ్డు

ఈ పల్లెకు పెళ్లికళ తెచ్చింది లండన్‌లో చేసిన చట్టం. రహస్య వివాహాలు ఎక్కువైపోయాయని లార్డ్ హార్డ్‌విక్ 1753లో ఒక చట్టం తెచ్చాడు. మరుసటి ఏడాది అది అమల్లోకి వచ్చింది. పెళ్లి చర్చిలోనే జరగాలి, 21 ఏళ్లు నిండనివాళ్ల పెళ్లికి పెద్దలు అడ్డు చెప్పకూడదు. ఇది ఇంగ్లండ్, వేల్స్‌లకే. స్కాట్లాండ్‌లో మాత్రం అబ్బాయికి 14, అమ్మాయికి 12 నిండితే చాలు. పెద్దల అనుమతి అక్కర్లేదు, పూజారీ అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ముందు ‘మేం భార్యాభర్తలం’ అనుకుంటే సరిపోయేది!

1770ల్లో ఇటుగా సుంకం రోడ్డు పడింది. దాంతో దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు సరిహద్దు దాటాక మొదటి మజిలీ గ్రెట్నా గ్రీన్ అయింది. ఊళ్లోకి రాగానే కనిపించేది కమ్మరి కొలిమి. ఎర్రగా కాల్చిన రెండు ఇనుప ముక్కల్ని కమ్మరి అతికించినట్టు రెండు మనసుల్ని కలుపుతాడన్న మాట అలా పుట్టింది. పెళ్లిళ్లు చేసేవారికి ‘దాగలి పూజారులు’ అన్న పేరొచ్చింది. నిజానికి వారిలో అందరూ కమ్మర్లు కారు. గిరాకీ ఉన్నచోట ఎవరు మాత్రం ఊరుకుంటారు!

వచ్చినవాళ్లంతా పడుచువాళ్లూ కారు. ఇంగ్లండ్ న్యాయవ్యవస్థలో అత్యున్నత పదవి చేసిన మాజీ లార్డ్ ఛాన్సలర్ థామస్ ఎర్‌స్కిన్ 1818లో ఇక్కడికొచ్చి పెళ్లాడాడు. అప్పటికాయన వయసు 68! జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ చదివినవారికి లిడియా గుర్తుండే ఉంటుంది. లేచిపోతూ ఆ పిల్ల తలచుకున్నది ఈ ఊరి పేరే.

అన్నీ ప్రేమకథలే కాదు

1826లో ఎలెన్ టర్నర్ అనే పదిహేనేళ్ల సంపన్నుల అమ్మాయిని ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ అనేవాడు బడి నుంచి అబద్ధం చెప్పి తీసుకొచ్చాడు. తనను పెళ్లి చేసుకుంటేనే మీ నాన్న ఆర్థిక కష్టాల నుంచి బయటపడతాడని నమ్మించి, గ్రెట్నా గ్రీన్‌లో పెళ్లి చేసుకున్నాడు. దాగలి మోగింది, సాక్షులూ ఉన్నారు. కానీ ఆ పిల్ల ఇష్టపడి చెప్పిన మాటేనా అని అడిగినవారు లేరు. తర్వాత వేక్‌ఫీల్డ్‌కు మూడేళ్ల జైలుశిక్ష పడింది. 1827లో బ్రిటన్ పార్లమెంటు ఆ పెళ్లిని రద్దు చేసింది.

అలాంటివి జరిగాక చట్టం ఊరుకుంటుందా? 1856లో కొత్త నిబంధన వచ్చింది. జంటలో ఒకరైనా పెళ్లికి ముందు 21 రోజులు స్కాట్లాండ్‌లో ఉండాలన్నారు. 1929లో కనీస వయసు 16 చేశారు. 1940లో దాగలి పూజారుల పెళ్లిళ్లకు చెల్లుబాటే లేకుండా పోయింది. ఇప్పుడు పెళ్లి చేసేది రిజిస్ట్రారో, అధికారం ఉన్న మతగురువో, మానవవాద సంఘాల ప్రతినిధో. సుత్తి దెబ్బ ముచ్చట కోసమే.

పారిపోవడానికీ నోటీసు!

ఇప్పుడు గ్రెట్నా గ్రీన్‌లో పెళ్లాడాలంటే కనీసం 29 రోజుల ముందు ఇద్దరూ చెరో ‘ఎం10’ దరఖాస్తు పంపాలి. రెండు మూడు నెలల ముందే పంపడం మేలు. 16 ఏళ్లు దాటిన ఇద్దరు సాక్షులు కావాలి. మన దేశం నుంచి పెళ్లి కోసమే వెళ్లేవారికి అందుకు ప్రత్యేకంగా ఇచ్చే వీసా ఉండాలి, మామూలు పర్యటక వీసా చెల్లదు. పెళ్లాడబోయేవారి పేర్లు రిజిస్ట్రారు కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెడతారు కూడా. పారిపోయి చేసుకునే పెళ్లికి నోటీసు బోర్డన్నమాట! మన ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకునేవారికి ఇది కొత్తేం కాదు. ఇక్కడ 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు.

ఊరు చేరడం తేలికే. ఇంగ్లండ్ వైపున్న కార్లైల్ నుంచి రైల్లో పది పన్నెండు నిమిషాలు. స్టేషన్ నుంచి కొలిమి దాకా నడిచిపోవచ్చు.

ముహూర్తం పెట్టేది సూర్యుడే

మన పెళ్లిళ్లలో ముహూర్తం పంతులుగారు పెడతారు. అది అర్ధరాత్రి రెండింటికైనా సరే, ఫొటోగ్రాఫర్ లైట్లు పెట్టుకోవాల్సిందే. గ్రెట్నా గ్రీన్‌లో ముహూర్తం మనిష్టం. కానీ ఫొటోలు బాగా రావాలంటే సూర్యుణ్ని అడక్క తప్పదు. ఊరున్నది 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. జూన్ చివర్లో సూర్యుడు ఉదయం నాలుగున్నరకే వచ్చి రాత్రి పదింటికి కాస్త ముందు వెళతాడు. డిసెంబరులో ఎనిమిదిన్నరకు వచ్చి మధ్యాహ్నం మూడుముప్పావుకే దుకాణం కట్టేస్తాడు!

అందుకే అక్కడి ఫొటోగ్రాఫర్లు మొదట అడిగేది ‘ఏ నెల?’ అనే.

జూన్‌లో అయితే: పదకొండింటికి బసలో మొదలు. ఉంగరాలు, పూలు, చీర కుచ్చిళ్లు సర్దుకునే హడావుడి తీసేది అప్పుడే. ఒంటిగంటకు భోజనం. రెండుంబావుకు రిజిస్ట్రారు జంటతో, సాక్షులతో మాట్లాడి పేర్లూ వివరాలూ సరిచూసుకుంటారు. మూడింటికి పెళ్లి, అరగంటలో ముగుస్తుంది. నాలుగున్నర దాకా సంతకాలు, దాగలి దగ్గర ఫొటోలు, రెండు చేతులు కలిసి కమానులా నిలిచిన ‘బిగ్ డ్యాన్స్’ శిల్పం దగ్గర మరికొన్ని. తర్వాత ఏడు దాకా అందరికీ విశ్రాంతి. ఎండ తగ్గాక సాల్వే తీరానికి వెళితే ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా బంగారు వెలుగు. సూర్యుడు అక్కడ ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఆ వెలుగు మన దగ్గరకన్నా చాలాసేపు నిలుస్తుంది.

డిసెంబరులో అయితే: అంతా ముందుకు జరగాలి. పదింటికి ముస్తాబు, పన్నెండింటికి పెళ్లి, ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఆరుబయట ఫొటోలు. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పన్నెండు డిగ్రీలకు మించి పైకెక్కడు. మబ్బు లేకపోతే పగలంతా సాయంత్రపు వెలుగే. చీకటిపడ్డాక చలిమంట దగ్గర రెండు ఫొటోలు తీసి ఫొటోగ్రాఫర్‌ను పంపేయొచ్చు.

ఏ కాలమైనా వాన ఖాయమనుకుని ప్రతి మజిలీకీ అరగంట అదనంగా ఉంచుకోవాలి. గొడుగు పారదర్శకంగా ఉండేది కొనుక్కుంటే మొహాల మీద నీడ పడదు. కొలిమి లోపల వెలుతురు తక్కువ. ఫ్లాష్ వాడొచ్చా, ఎక్కడ నిలబడాలి అన్నది పెళ్లి చేసేవారిని ముందే అడగాలి. సాల్వే తీరంలో ఆటుపోట్లు చాలా వేగంగా వస్తాయి, బురద ఊబిలా లాగేస్తుంది. ఆ రోజు పోటు వేళలు చూసుకోకుండా ఫొటో కోసం ఇసుకలోకి దిగకూడదు.

సాక్షి సంతకం... కెమెరా కన్ను

మన పెళ్లి ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం వెతకండి. జంట కన్నా ముందు మేనత్త భుజమో, బాబాయి బట్టతలో కనిపిస్తాయి. విసుక్కుంటాం గానీ ఆ భుజాలే పెళ్లికి నిండుదనం. ఇద్దరే వెళ్లి చేసుకునే పెళ్లిలో ఆ అడ్డు లేదు, ఆ నిండుదనమూ లేదు. చాలాసార్లు ఫొటోగ్రాఫరే రెండో సాక్షిగా సంతకం పెడతాడు. అందుకే అక్కడ ఫొటో అలంకారం కాదు, రాలేనివాళ్లకు చూపించే సాక్ష్యం. అందంగా నిలబడి తీయించుకున్నవి వంద ఉన్నా... సంతకం పెట్టేటప్పుడు వణికిన వేళ్లు, మాట చెప్పేటప్పుడు తడిసిన కళ్లు తీసిన నాలుగు ఫొటోలే అమ్మ పదేపదే చూసుకుంటుంది.

ఆ టైంటేబుల్లో ఇంకో పావుగంట తప్పక రాసుకోవాలి, ఇంటికి ఫోను చేయడానికి. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం పన్నెండంటే విజయవాడలో సాయంత్రం అయిదున్నర. జూన్‌లో మూడంటే ఇక్కడ రాత్రి ఏడున్నర. రెండూ అమ్మానాన్నలు మెలకువగా ఉండే వేళలే. మాటలు లేని ఇల్లయినా సరే, ఆ పావుగంట ఖాళీగా ఉంచాలి. ఎత్తకపోతే పోయేదేముంది, ఫొటో పంపొచ్చు.

అందరికీ అంత వెసులుబాటు ఉండదన్నదీ నిజమే. మన దగ్గర ‘లేచిపోయారు’ అన్న మాట వెనక ఈనాటికీ ప్రాణభయం ఉంటోంది. పెద్దలు కాదన్న జంటలకు రక్షణ కల్పించాలని, అవసరమైతే సురక్షిత గృహాల్లో ఉంచాలని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో చెప్పాల్సి వచ్చింది. అలాంటి జంటకు ముందు కావాల్సింది కెమెరా కాదు, పోలీసు రక్షణ. గ్రెట్నా గ్రీన్ కూడా ఒకప్పుడు అలాంటి భయంతో పరుగెత్తుకొచ్చినవారి ఊరే. చట్టాలు మారి, ఇళ్లు మారాకే అది ముచ్చటపడి వెళ్లే ఊరయింది.

ఇద్దరే చేసుకున్నా, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లినా తెలుగువారికి అక్కడ ఒక లాభం ఉంది. పెళ్లయ్యాక మనవాళ్లు పట్టపగలే అరుంధతిని చూపించి, కనిపించకపోయినా కనిపించిందనిపిస్తారు. గ్రెట్నా గ్రీన్ అక్షాంశం మీద సప్తర్షి మండలం ఏడాది పొడవునా అస్తమించదు. డిసెంబరులో సాయంత్రం ఆరు దాటాక, మబ్బు లేకపోతే, ఉత్తరాన కాస్త కిందుగా వెతికితే చాలు... వశిష్ఠుడి పక్కనే అరుంధతి నిజంగానే కనిపిస్తుంది. టైంటేబుల్లో చివరి అయిదు నిమిషాలు దానికి ఉంచుకోండి!