మొదటి మ్యాచ్, మొదటి మార్కులు



మీ ఇంట్లో ఎనిమిదో, తొమ్మిదో తరగతి చదివే పిల్లలుంటే ఆగస్టు నెలలో మీరొక విషయం గమనించే ఉంటారు. శని, ఆదివారాల్లో రాత్రి భోజనం దగ్గర కూడా చూపు టీవీ మీదో ఫోన్ మీదో ఉంటుంది. ఒకరోజు ఇల్లంతా గంతులేస్తారు. ఇంకోరోజు అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చుంటారు. ఏమైందని అడిగితే "ఏం లేదు మమ్మీ" అంటారు. అసలు సంగతేమిటంటే, ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ కొత్త సీజన్ మొదలైంది.

హనుమకొండలో కూర్చుని మాంచెస్టర్ జట్టు కోసం బాధపడటమేమిటని నవ్వుకోకండి. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ ఓడిన రాత్రి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎలా ఉంటారో పిల్లలు చూస్తూనే ఉన్నారు. అభిమానానికి ఊరితో పెద్దగా పని లేదు. అయితే మొదటి వారంలో ఆ అభిమానం మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ఈ నెల మీతో పంచుకోవాలనుకున్నది దాని గురించే. ఎందుకంటే మన పేరెంట్స్ మీటింగుల్లోనూ నేను అలాంటి మాటలే వింటున్నాను.

2025లో సీజన్ ఆగస్టు 15న మొదలైంది. పొద్దున జెండా వందనం చేసిన పిల్లల్లో కొందరు ఆ రాత్రి పన్నెండున్నరకు లివర్‌పూల్ మ్యాచ్ చూశారు. (చూడకుండా పడుకోబెట్టిన తల్లిదండ్రులకు ప్రత్యేక ధన్యవాదాలు!) బోర్న్‌మౌత్ మీద లివర్‌పూల్ 4-2 తేడాతో గెలిచింది. 17వ తేదీ ఆదివారం రాత్రి మాంచెస్టర్ యునైటెడ్ తన సొంత మైదానంలోనే ఆర్సెనల్ చేతిలో 0-1తో ఓడిపోయింది. వరుస సెలవుల తర్వాత సోమవారం నేను తొమ్మిదో తరగతిలోకి వెళ్ళేసరికి తీర్పులన్నీ వెలువడిపోయాయి. కప్పు లివర్‌పూల్‌దే. యునైటెడ్ పని అయిపోయింది. కోచ్‌ను వెంటనే తీసేయాలి. ఒక్కో జట్టు ఆడాల్సినవి 38 మ్యాచ్‌లు, అప్పటికి అయింది ఒక్కటే.

ఆరోజు నేను చెప్పాల్సిన పాఠం 'మోడల్ వెర్బ్స్'. విల్, మే, మైట్ లాంటి పదాల్ని ఎక్కడ, ఎంత నమ్మకంతో వాడాలన్నదే ఆ పాఠం. ఇంతకంటే మంచి ఉదాహరణ పుస్తకంలో దొరకదనిపించింది. "మీరంతా అంటున్న మాటలే ఇంగ్లిష్‌లో ఒక్కో వాక్యం రాయండి. ఫుట్‌బాల్ తెలియనివాళ్ళు ఈ ఏడాది జరగబోయే వేరే విషయం ఏదైనా రాయొచ్చు" అన్నాను. ఐదు నిమిషాల్లో కాగితాలు వచ్చాయి. "యునైటెడ్ ఈజ్ ఫినిష్డ్" అని నలుగురు రాశారు. "లివర్‌పూల్ విల్ విన్ ఎవ్రీ మ్యాచ్" అని ఒకరు. 'మే', 'మైట్' వాడినవాళ్ళు ముగ్గురే ముగ్గురు.

ఫుట్‌బాల్ చూడని ఒక అమ్మాయి రాసిన వాక్యం చూసి మాత్రం ఆగిపోయాను. "ఐ విల్ నాట్ పాస్ ఇన్ ఇంగ్లిష్." గ్రామర్ ప్రకారం అందులో ఒక్క తప్పు కూడా లేదు.

ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. అంతకు ముందు వారమే ఎఫ్‌ఏ-1 మార్కుల మీద పేరెంట్స్ మీటింగ్ జరిగింది. ఆమెకు ఇంగ్లిష్‌లో 20కి 6 వచ్చాయి. వాళ్ళ నాన్నగారు షాపు మూసుకుని మరీ వచ్చారు. పాప పక్కనే నిలబడి ఉంది. "మా పాపకు ఇంగ్లిష్ రాదు మేడం. ఏడో తరగతి దాక తెలుగు మీడియంలనే చదివింది. మల్ల అక్కడికే పంపుదామా అని చూస్తున్నం" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, బిడ్డ మీద బెంగే ఉంది. పాప మాత్రం తల ఎత్తలేదు.

మన తెలుగులో 'రాదు' అనే మాట చాలా గట్టిది. "బస్సు రాదు" అంటే ఇక దాని కోసం ఎదురుచూడటం దండగ అని అర్థం. "ఇంగ్లిష్ రాదు" అన్నప్పుడు ఇప్పుడు తెలియదనే పెద్దల ఉద్దేశం. పిల్లల చెవికి అది ఎప్పటికీ రాదన్నట్టు వినిపిస్తుంది. "ఇంకా రాలేదు" అంటే రెండు మాటలే. అలా అంటే బస్సు దారిలో ఉన్నట్టు లెక్క. నాన్న తెలుగులో 'రాదు' అన్నారు, పాప దాన్ని ఇంగ్లిష్‌లోకి 'విల్ నాట్' అని సరిగ్గా అనువదించింది. నేను చూసింది అంతే.

మర్నాడు క్లాసులో పదిహేను నిమిషాలు ఫుట్‌బాల్ కథలు చెప్పాను. అవి మీకూ చెప్తాను, వాటిలో ఒకటి మన హైదరాబాద్ టీచర్ కథ.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాద్‌లో స్కూల్ టీచర్‌గా పనిచేసినవారు. రహీం సాబ్ అంటారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు ఆయనే కోచ్. ఆయన శిక్షణలో మన దేశం 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన మీద ఆమధ్య అజయ్ దేవగన్‌తో 'మైదాన్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఆయన జట్టును తీసుకెళ్ళారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో. 0-2తో ఓడిపోయాం. ఆరోజు ఎవరైనా తీర్పు చెప్పి ఉంటే ఏం చెప్పేవారో ఊహించుకోండి. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను గెలిచాం. ఈలోగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. రహీం సాబ్ ఆయన స్థానం మార్చి ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ అదే దక్షిణ కొరియా. 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చాం. రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌దే. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం సాబ్ మరుసటి ఏడాది కన్నుమూశారు.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ మన పిల్లల్లో చాలామందికి తెలుసు. 2019 అక్టోబర్‌లో ఇండియన్ సూపర్ లీగ్‌లో తన మొట్టమొదటి మ్యాచ్‌లో కోల్‌కతాలో 0-5తో ఓడింది. ఆ సీజన్‌లో చిట్టచివరి స్థానం దానిదే. 2021-22 సీజన్‌ను కూడా ఓటమితోనే మొదలుపెట్టింది. అదే సీజన్ చివర, 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయింది. ఆ తర్వాత కష్టాలొచ్చాయి. 2023-24లో మళ్ళీ చివరి స్థానానికి పడిపోయింది. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. "ఇప్పుడు మనకు జట్టే లేదు కదా మేడం" అన్నాడొక పిల్లాడు. నిజమే, ఓడిన ప్రతిసారీ గెలుపు వెనకాలే వస్తుందని నేను పిల్లలకు చెప్పను. అది అబద్ధం అవుతుంది. మొదటి ఫలితాన్ని బట్టి చివరి ఫలితం చెప్పలేమని మాత్రమే చెప్తాను. అది మంచి ఫలితమైనా సరే, చెడ్డదైనా సరే.

మంచి ఫలితం సంగతి ఎందుకు అంటున్నానంటే, లివర్‌పూల్ ఆ సీజన్‌లో మొదటి ఐదు మ్యాచ్‌లు వరుసగా గెలిచింది. తర్వాత వరుసగా నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. ఆ నాలుగింటిలో ఒకటి దీపావళి ముందు రోజు, అక్టోబర్ 19న, లివర్‌పూల్ సొంత మైదానంలో జరిగింది. 2-1తో ఓడించింది ఎవరనుకున్నారు? మా తొమ్మిదో తరగతి ఆగస్టులోనే 'ఫినిష్డ్' అని రాసేసిన మాంచెస్టర్ యునైటెడ్! సెలవు తర్వాత ఆగస్టు కాగితాలు తీసి ఎవరివి వాళ్ళకు ఇచ్చాను. అందరూ ఒకర్ని చూసి ఒకరు నవ్వుకున్నారు. ఇప్పుడు వాక్యాలు మళ్ళీ రాయమంటే చాలామంది 'మైట్' వాడారు. యునైటెడ్ కప్పు కొడుతుందని నేను వాళ్ళతో అనలేదు. అది సీజన్ చివర్లో తేలే విషయం.

మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. మా నాన్న పత్తి, మిర్చి వేస్తారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో చేరాక మొదటి వీక్లీ టెస్టులో ఇంగ్లిష్‌లో నూటికి 31 వచ్చాయి. కాలేజీ మానేస్తానని ఇంటికొచ్చి ఏడ్చాను. నాన్న ఒకటే మాటన్నారు: "మొదటి వానకే దిగుబడి లెక్క చెప్తరా బిడ్డా?" ఆ రోజుకు అది ఓదార్పు మాటే అనుకున్నాను. బీఈడీ చేసి, క్లాసులో నిలబడ్డాకే దాని వెనక ఉన్న పని అర్థమైంది. మొదటి వానకు గింజ పెట్టిన రైతు దిగుబడి లెక్క వేయడు. అలాగని ఇంట్లో పడుకోడు కూడా. వారం పది రోజులకు చేనంతా తిరిగి, ఎక్కడ మొలవలేదో చూసి, ఆ చోట మళ్ళీ గింజ పెడతాడు. చేను మొత్తం దున్నేయడు.

మొదటి పరీక్ష కూడా అందుకే. ఎఫ్‌ఏ-1 అంటే చేను చుట్టూ తిరిగి చూడటం లాంటిది. ఆ పాప పేపర్ తీసుకుని మేమిద్దరం కూర్చున్నాం. పాఠం అర్థమైంది. జవాబులు తెలుసు. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం ఒకే చోట పోయాయి: జరిగిపోయిన విషయం రాయాల్సి వచ్చినప్పుడల్లా క్రియ తప్పుతోంది. "డిడ్ నాట్ వెంట్" లాంటివి. రోజూ లంచ్ తర్వాత పది నిమిషాలు, నిన్న ఇంట్లో ఏం జరిగిందో ఐదు వాక్యాలు రాసి తెమ్మన్నాను. వాళ్ళ నాన్నగారికి కూడా ఫోన్ చేసి ఒక చిన్న పని అప్పజెప్పాను. రాత్రి షాపు మూసి వచ్చాక ఆ ఐదు వాక్యాలు ఆమెతో పైకి చదివించుకోవాలి. "నాకు ఇంగ్లిష్ రాదు కదా మేడం" అన్నారాయన. "తప్పులు చూడొద్దు సార్, వింటే చాలు" అన్నాను.

గత నెల ఎస్‌ఏ-1లో ఆమెకు 80కి 34 వచ్చాయి. ఇది పెద్ద విజయమని నేను చెప్పను. ఇంకా చాలా పని ఉంది. కానీ స్కూల్ మార్చే ఆలోచన ఈ సంవత్సరానికి ఆగింది. పాప ఇప్పుడు చేయెత్తి ప్రశ్నలు అడుగుతోంది. నిన్న ఏం జరిగిందో చెప్పేటప్పుడు నాన్నగారి షాపులో బేరాలాడే వాళ్ళ గురించి చెప్పి క్లాసంతా నవ్విస్తోంది, ఇంగ్లిష్‌లోనే.

ఇక మీకు నా విన్నపాలు.

ఒకటి, మార్కులు చూసిన రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. స్కూల్ మార్చడం, ఆటలు మాన్పించడం, కొత్త ట్యూషన్ పెట్టించడం, ఏదైనా సరే వారం ఆగండి. ఓడిన రాత్రి అభిమాని అనే మాటలకు కోచ్ మారడు. కానీ ఆ రాత్రి మీరనే మాటకు ఇంట్లో ఒక మనసు మారిపోతుంది.

రెండు, మార్కుల షీటు కాకుండా జవాబు పత్రం అడగండి. ఎన్ని పోయాయన్నది షీటు చెప్తుంది. ఎక్కడ పోయాయన్నది పేపరే చెప్తుంది. ప్రతి టెస్టు తర్వాత పేపర్లు చూసే హక్కు మీకుంది, పీటీఎం దాకా ఆగనక్కర్లేదు.

మూడు, మార్కులు బాగా వచ్చినా ఇదే నియమం. "మావాడికి తిరుగులేదు" అని బంధువులందరికీ ఫోన్లు చేస్తే, తర్వాతి పరీక్షకు ఆ పిల్లాడి భుజాల మీద ఎంత బరువుంటుందో ఆలోచించండి. మెచ్చుకోండి, ఏం చేస్తే ఆ మార్కులు వచ్చాయో అడగండి.

చివరిగా, పిల్లల ముందు 'రాదు' అనబోయినప్పుడల్లా 'ఇంకా రాలేదు' అని చూడండి. ఖర్చు లేదు, సమయం పట్టదు. వార్షిక పరీక్షలకు ఇంకా నెలలున్నాయి, మనం ఆడాల్సిన మ్యాచ్‌లు చాలానే మిగిలి ఉన్నాయి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో కలుద్దాం. వీలైతే పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని రండి, నిలబెట్టి కాదు.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్,
వరంగల్ బ్రాంచ్