కప్పలేని కప్పస్తంభం

డుంబ్రిగుడ దగ్గర చాపరాయి వాగులో కాళ్ళు పెట్టుకు కూర్చుని, సింహాచలం కప్పస్తంభం గురించి రాయాలనిపించిందంటే మావారు నవ్వారు. మీరూ నవ్వండి. తప్పు నాది కాదు, ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఆవిడది.

"పిల్లలెంతమందమ్మా?" అంది.

"లేరు."

"సింహాచలంలో స్తంభం పట్టుకోలేదా?"

వంద కిలోమీటర్లు దాటి ఈ కొండల్లోకీ ఎక్కిందన్నమాట ఆ కబురు!

చిన్నప్పుడు ఆ పేరు విని, స్తంభం మీది చెక్కడాలన్నీ తడిమి కప్ప కోసం వెతికాను. కప్ప కాదుట, కప్పం. మొక్కుకున్నవాళ్ళు కప్పం చెల్లించే చోటు. అడుగున సంతానగోపాల యంత్రం ఉందనీ, రెండు చేతులా కావలించుకుని కోరుకుంటే పిల్లలు పుడతారనీ నమ్మకం. పదమూడో శతాబ్దపు గాంగ నరసింహదేవుడి నాటి గుడి అది. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి ఆభరణాలు సమర్పించాడని శాసనం ఉంది. ఆయనా ఓసారి కావలించుకుని ఉంటాడా అని నాకో కొంటె అనుమానం.

పెళ్ళయిన ఆరో ఏట మా అత్తగారు నన్ను తీసుకెళ్ళారు. బి.ఏ. చదివినదాన్ని, నమ్మకం లేదు. లేదని చెప్పే ధైర్యమూ లేదు. పైగా నావి పొట్టి చేతులు, వేళ్ళు కలవలేదు. వెనక క్యూలో జనం సణుగుతున్నారు.

"ఏటే, ఆ ముట్టీముట్టనట్టు పట్టుకోడం!" అంటూ అత్తగారు అటువైపు నించి చేతులు చాచి నా వేళ్ళు పట్టుకున్నారు. చెక్కడాల అంచులు చెంపకి గుచ్చుకుంటున్నాయి. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. మధ్యన స్తంభం, మొహం కనపడలేదు. గొంతు మాత్రం వినపడింది.

"స్వామీ, దీనికో బిడ్డనియ్యి. ఇయ్యకపోతే మావాళ్ళ నోళ్ళన్నా మూయించు."

బిడ్డ పుట్టలేదు. రెండో పని స్వామికి వదలకుండా ఆవిడే చూసుకున్నారు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఇంకా ఏమీ లేదా?" అని మొదలుపెడితే, నేను తల దించుకునేలోగా "దాని నవలలు చదివారా మీరు?" అని ఎదురడిగేవారు.

ఆవిడకి చదవడం రాదు.

ఇదంతా పొత్తులావిడకి చెప్పలేదు. "పట్టుకున్నానమ్మా, మా అత్తగారూ నేనూ కలిసి" అన్నాను.

"మరోసారి పట్టుకో."

"ఇప్పుడు అటువైపు నించి పట్టుకునే మనిషి లేదు."

ఆవిడకేం అర్థమైందో గాని, నా పొత్తుకి ఉప్పూకారం కాస్త ఎక్కువే రాసిచ్చింది. కళ్ళనీళ్ళొచ్చాయంటే కారం అన్నాను మావారితో.