కోరంగికి కెమెరా అందలేదు

మెట్టకూరు, యానాం

ఒరేయ్ అబ్బులూ,

నువ్వు లండన్ నుంచి పంపిన పుస్తకం అందింది. విక్టోరియా కాలంలో తీసిన పడవలు, ఓడలు, రేవుల ఫొటోలు ఇన్ని ఒకచోట చూడటం నాకిదే మొదలు. లోపల పెట్టిన చీటీ కూడా చదివాను. "మన కోరంగి రేవు ఎక్కడైనా ఉందేమో చూడరా" అని రాశావు. లేదురా. ఉండే అవకాశం కూడా లేదు. ఎందుకో ఫోన్లో చెప్పబోతే సగంలో నీ ట్రైను వచ్చేస్తుంది, అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగెర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని అరాగో అనే శాస్త్రవేత్త నిండు సభలో బయటపెట్టాడు. ఫ్రెంచి సర్కారు ఆ హక్కులు కొని లోకానికి ఊరికే ఇచ్చేసింది. ఊరికే అంటే మీ ఇంగ్లండుకి తప్ప, అక్కడ మాత్రం డాగెర్ ముందే పేటెంటు తీసుకున్నాడు! మూడు నెలలు దాటగానే, అదే ఏడాది నవంబరులో, కోరంగి మీద ఉప్పెన పడింది. కలకత్తాలో కెమెరాలు అమ్మకానికొచ్చాయని ప్రకటన పడింది 1840 మొదట్లో. అప్పటికే ఇక్కడ తియ్యడానికేమీ మిగల్లేదు. మన యానాంవాళ్ళమేమో అప్పుడు విక్టోరియా రాణి ప్రజలం కాదు, ఫ్రెంచివాళ్ళ కింద ఉన్నాం. మన సర్కారువారు లోకమంతటికీ దానం చేసిన వస్తువు మన గుమ్మంలోకి వచ్చేసరికి పక్కనున్న రేవే పోయింది.

ఆ ఉప్పెనలో మూడు లక్షలమంది పోయారని ఎవరు రాసినా అదే అంకె వేస్తారు. ఈ లంకల్లో అప్పుడు అంత జనం ఉన్నారంటే నాకు నమ్మబుద్ధి కాదు. అయినా అంకె సంగతి వదిలెయ్. 1789లో ఇలాంటిదే వస్తే కోరంగి మళ్ళీ లేచింది, ఓడలు కట్టింది, పెద్ద ఓడలకి మరమ్మతులు చేసింది. రెండోసారి లేవలేకపోయింది. గోదారి ఇసుక మేటవేసి మొగ పూడుకుపోతూ వచ్చింది, వ్యాపారం కాకినాడకి జరిగిపోయింది. ఇప్పుడు అటు వెళ్తే మడ అడవి చూడ్డానికొచ్చిన వాళ్ళే కనిపిస్తారు. ఓడలు కట్టిన చోటేదని అడిగేవాడు లేడు.

ఇక ఫొటోల సంగతి. నీ పుస్తకంలో ఆకాశం ఎక్కడ చూసినా తెల్లగా, ఖాళీగా ఉంది, గమనించావా? అది ఇంగ్లండు మబ్బు కాదు. 1851లో ఆర్చర్ తెచ్చిన తడి పలక పద్ధతి తెచ్చిపెట్టిన తిప్పలది. కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని గాజు పలక మీద పోసి, అట్టు పిండి పెనమంతా పరుచుకునేలా వంచినట్టు, నాలుగు మూలలకీ పారించాలి. తర్వాత చీకట్లో సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో ముంచాలి. అది ఆరేలోగా కెమెరాలో పెట్టి, ఫొటో తీసి, తిరిగి చీకటి గుడారంలోకి పరిగెత్తి కడుక్కోవాలి. మొత్తం కొద్ది నిమిషాల్లో అయిపోవాలి. కొలోడియన్‌లో ఉండేది ఈథర్, మన ఎండలో ఎంతసేపు నిలుస్తుంది చెప్పు! పైగా ఆ పలకకి నీలం రంగే ఎక్కువ పడుతుంది. ఓడ సరిగ్గా వచ్చేదాకా ఆగితే ఆకాశం మాడి తెల్లబడిపోయేది. పారిస్‌లో గుస్తావ్ లెగ్రే సముద్రాన్ని ఒక పలక మీద, మబ్బుల్ని ఇంకో పలక మీద తీసి, రెండూ అతికి ఒకే బొమ్మగా అచ్చువేసేవాడు. జనం వెర్రెత్తి కొన్నారట. మోసమే, కానీ ఎంత అందమైన మోసం!

కొన్ని సెకన్లు కదలకుండా ఉన్నదే ఆ పలక మీద నిలిచేది. గట్టుకి కట్టేసిన ఓడ తాళ్ళతో సహా స్పష్టంగా వస్తుంది. లంగరేసినా ఊగే ఓడకి కొయ్యల చివర్లు చెదిరిపోతాయి. తెడ్డు వేసేవాడు, మూట మోసేవాడు మసకై పోతారు. గొలుసుల ముందు చుట్ట నోట్లో పెట్టుకుని, చేతులు జేబుల్లో దోపుకుని నిలబడ్డ బ్రునెల్ ఫొటో చూశావుగా, 1857లో హౌలెట్ తీసింది. గ్రేట్ ఈస్టర్న్ ఓడ కట్టిన ఇంజనీరు ఆయన. బూట్ల మీది బురద కూడా కనిపిస్తుంది. ఓడకి రివెట్లు కొట్టిన వేలమంది మాత్రం ఆ ఫొటోలో లేరు. ఆ ఓడే 1870లో బొంబాయి నుంచి ఏడెన్‌కి సముద్రంలో తంతి తీగ పరిచింది.

మద్రాసు పేజీ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. మసూలా పడవ. రేవు కట్టకముందు అక్కడ ఓడ దిగిన దొర ఎవడైనా ఆ పడవెక్కి, అలల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డుకి రావాల్సిందే. బొమ్మలో చెక్క పలకకీ పలకకీ మధ్య వరసగా కుట్లు కనిపిస్తున్నాయి చూడు. ఒక్క ఇనప మేకు లేదు. పలకలకి బెజ్జాలు పెట్టి, సందుల్లో ఎండుగడ్డి కూరి, కొబ్బరి పీచు తాడుతో బిగించి కుట్టేవారు. మేకులతో కట్టిన పడవ ఆ కెరటాల్లో నేలకి కొట్టుకుంటే చీలిపోతుంది. ఇదైతే వంగుతుంది, సాగుతుంది. 1861లో ఇనప వంతెన సముద్రంలోకి కట్టారు, 1870ల్లో రేవు పని మొదలెట్టారు, 1881 తుపానులో ఆ గోడలు కూలాయి. కుట్టిన పడవ అంతకాలమూ తన పని తాను చేసుకుపోయింది. ఫొటో కింద రాతలో పడవ పేరుంది, తెడ్లు పట్టిన వాళ్ళ పేర్లు లేవు.

దీని పక్కనే సట్‌క్లిఫ్ ఫొటోలు పెట్టి చూడు. ఆయన ఇంగ్లండులో విట్బీ అనే రేవూళ్ళో స్టూడియో పెట్టుకుని అక్కడే బతికాడు. జాలర్లు ఆయనకి రోజూ కనిపించే మనుషులు. గట్టుకి ఆనుకుని కబుర్లు చెప్పుకునే ముసలాళ్ళు, 1886లో నీళ్ళలో పడవ చుట్టూ ఆడుకుంటున్న పిల్లలు. వాళ్ళు కెమెరాకి బెదిరినట్టు ఉండరు. మన తీరానికి అలాంటివాడు రాలేదు. మద్రాసు ప్రభుత్వపు ఫొటోగ్రాఫరు ట్రైప్ 1857-58లో మధుర, తంజావూరు, తిరుచ్చి తిరిగాడు. మన తెలుగునేలవి ఆయన తీసినవి అమరావతి శిల్పాలు, అవి కూడా మద్రాసులోనే.

అందుకని నీకో పని చెప్తాను. కోరంగి కోసం వెతకడం మాను. కోరంగి మనుషులు ఎక్కడికి పోయారో అక్కడ వెతుకు. ఒకటి కాకినాడ. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలవలొచ్చాయి, 1861-65 మధ్య అమెరికాలో యుద్ధంతో మన పత్తికి గిరాకీ పెరిగింది. కాకినాడ ఒడ్డున అప్పుడు లోతు ఉండేది కాదు, స్టీమర్లు మైళ్ళ దూరంలో ఆగితే సరుకంతా నావలే చేరవేసేవి. స్టీమరు ఫొటో ఏదైనా దొరికితే దాన్ని చూడకు, పక్కన ఆనుకున్న నావని చూడు. దాని ముక్కు ఎలా తిరిగిందో, పలకలు ఎలా అతికాయో చూస్తే తాళ్ళరేవు వడ్రంగులు ఇక్కడ చెప్పగలరు.

రెండోది రంగం, అదే బర్మాలోని రంగూన్. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్ల డెక్కు మీద మన వాళ్ళు వేలకివేలు వెళ్ళారు కదా, మీ తాతగారితో సహా. రంగూన్ రేవు పని చాలాభాగం తెలుగువాళ్ళ చేతుల్లోనే ఉండేది. 1930 మే నెలలో అక్కడ అల్లర్లు మొదలైంది కూడా మన రేవు కూలీల సమ్మె దగ్గరే. అంతకు చాలా ముందే క్లియర్ అనే జర్మనువాడు మౌల్మీన్‌లో, తర్వాత రంగూన్‌లో స్టూడియో పెట్టి నదినీ ఓడల్నీ బోలెడు తీశాడు. అప్పటికి ఎండు పలకలొచ్చాయి, కదిలే మనిషి కూడా పలక మీద పడుతున్నాడు. రేవు గట్టు కనిపించే బొమ్మల్లో మూటల దగ్గర తలపాగా చుట్టిన వాళ్ళని పెద్దవి చేసి చూడు. గోచీ కట్టు చూసి మనవాళ్ళని నువ్వే పోల్చుకోగలవు.

వాళ్ళని అనేముంది, గోదారి దాటించిన ఎదుర్లంక పంటు ఫొటో మన దగ్గరే ఒక్కటీ లేదని నిన్న మావాడు అడిగితే తెలిసింది. వారధి వచ్చేవరకూ రోజూ ఎక్కాం, తియ్యాలని మనకీ తోచలేదు. మీ అన్నయ్య ట్రంకుపెట్టెలో ఏమైనా ఉందేమో నేను వెళ్ళి అడుగుతాను.

బ్రిటిష్ లైబ్రరీలో కాపీలకి డబ్బు అడిగితే నా వంతు పంపుతాను, మొహమాటపడకు. ఒక్కటి గుర్తుపెట్టుకో: వాట్సాప్‌లో పంపితే బొమ్మ నలిగిపోయి కుట్లూ మేకులూ తెలియవు. పెద్ద సైజు ఫైలు మెయిల్లో పంపు. తాళ్ళరేవు తీసుకెళ్ళి చూపించాలి.

నీ
బావగాడు